నవలతో పాటు శాసనం కూడా: హనుమకొండలో ఒక కిరాయి పుస్తకాల దుకాణం

హనుమకొండ చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి వైపు వెళ్లే దారిలో, ఒక సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు మీది అంతస్తులో ఒక కిరాయి పుస్తకాల దుకాణం నడుస్తోంది. దానికి బోర్డు లేదు. పాతది గాలివానకు కూలిపోయిన తర్వాత కొత్తది పెట్టించలేదు. వారపత్రికల సీరియళ్లకు గిరాకీ తగ్గిన కాలంలోనే ఇలాంటి దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి. ఇది మాత్రం నిలబడింది. అందుకు కారణం గది చివర కిటికీ పక్కన ఉన్న ఇనుప బీరువాయేనని నా అభిప్రాయం. నిజంగా బతికిన మనుషుల జీవితాల మీద అల్లిన చారిత్రక నవలలన్నీ అందులో ఉంటాయి. మిగతా గదిలోని డిటెక్టివ్ నవలలు, కుటుంబ కథలు, పోటీ పరీక్షల పుస్తకాలు ఎక్కడైనా దొరికేవే కాబట్టి వాటి జోలికి పోకుండా ఈ సమీక్షను ఆ బీరువాకే పరిమితం చేస్తున్నాను.

పుస్తకాల సంఖ్యను బట్టి చూస్తే ఈ బీరువాలో గొప్పతనం ఏమీ కనిపించదు. చారిత్రక నవలలు ఉచితంగా చదవాలనుకునే వారికి ఊళ్లో గ్రంథాలయాలున్నాయి. 1904లో ఇదే హనుమకొండలో పుట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి చరిత్ర గల సంస్థ ఉన్న చోట డబ్బులిచ్చి నవల తెచ్చుకోవడం అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. అవసరమే అనడానికి ఒకే ఒక్క కారణం ఉంది. ఇక్కడ దాదాపు ప్రతి నవలకూ ఒక ఫైలు జతగా ఉంటుంది. పాత పెళ్లిపత్రికల మందపాటి అట్టలను దారంతో కుట్టి చేసిన ఆ ఫైలులో, నవలలోని ప్రధాన వ్యక్తి గురించి చరిత్రలో మిగిలిన ఆధారాల జిరాక్సు ప్రతులుంటాయి: శాసన పాఠం, దానికి నేటి తెలుగులో తాత్పర్యం, ఒక చరిత్ర గ్రంథం నుంచి తీసిన అధ్యాయం, వీలైతే ఒక వంశవృక్షం. దుకాణం నడిపే ఆవిడ చాలాకాలం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పినవారు. వచ్చేవాళ్లందరూ ఆమెను టీచరమ్మ అనే పిలుస్తారు. ఫైలు వద్దు, నవల చాలు అన్న ఒక కుర్రాడితో ఆమె నా ఎదుటే అన్న మాట ఈ దుకాణం పద్ధతిని పూర్తిగా చెబుతుంది: "నవల ఒక్కటే ఇయ్య బిడ్డా. ఫైలు గూడ తీస్కపోవాలె. చదువుడు, చదవకపోవుడు నీ ఇష్టం."

ఫైళ్లన్నిటిలో రుద్రమదేవిది అత్యంత శ్రద్ధగా తయారైంది, సహజంగానే దానికే గిరాకీ ఎక్కువ. తొలి పుటలోనే పెన్నుతో గీసిన వంశవృక్షం కనిపిస్తుంది. తండ్రి గణపతిదేవుడు, భర్త నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడు, కూతురు ముమ్మడమ్మ, ఆమె కొడుకు ప్రతాపరుద్రుడు. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత బిడ్డ అనే వరుసకు అలవాటుపడిన మన కళ్లకు, అమ్మమ్మ నుంచి నేరుగా మనవడికి సింహాసనం వెళ్లిన తీరు ఆ బొమ్మలో ఒక్క చూపులో అర్థమవుతుంది. తర్వాతి పుటల్లో 1244 నాటి మోటుపల్లి అభయ శాసనం తాత్పర్యం ఉంది. తుపానుకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే వాటిలోని సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత ఆనవాయితీని మానుకుంటున్నామని, సుంకం తప్ప మరేమీ తీసుకోమని గణపతిదేవుడు వర్తకులకు ఇచ్చిన హామీ అది. రుద్రమ నవలకు ఇది ఎందుకు అనిపించవచ్చు. అయితే వెంటనే వచ్చే పుటలో మార్కోపోలో కనిపిస్తాడు. మోటుపల్లి రాజ్యాన్ని ఒక రాణి దాదాపు నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతోందని, ఆమె చనిపోయిన రాజు భార్య అని అతడు రాసుకున్నాడు. ఆ రాణి రుద్రమే అయి ఉంటుందని చరిత్రకారుల నిర్ణయం. కానీ రుద్రమ గణపతిదేవుడి కూతురే గాని భార్య కాదు. ఆ కాలంలోనే ఈ దేశానికి వచ్చిన యాత్రికుడు సైతం విన్నదాన్ని విన్నట్టు రాసి బంధుత్వాన్ని తారుమారు చేశాడంటే, ఏడు వందల ఏళ్ల తర్వాత నవల రాసేవాడి కష్టం ఎంతటిదో ఆ రెండు పుటలు పక్కపక్కన పెట్టడంలోనే తెలిసిపోతుంది. టీచరమ్మ అక్కడ ఒక్క వ్యాఖ్య కూడా రాయలేదు, రాయవలసిన పనీ లేదు.

ఈ ఫైలుకు ప్రాణం చందుపట్ల శాసనం. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన ఈ శాసనాన్ని 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి వేయించాడు. అతడు సేనాని మల్లికార్జున నాయకుడి సేవకుడు. రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరినందున వారి పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇచ్చానని అతడు చెప్పుకున్నాడు. శాసనం అంతకుమించి చెప్పదు. యుద్ధం అన్న మాట లేదు, చంపినవాడి పేరు లేదు, స్థలం లేదు. రాణీ, సేనానీ ఒకేసారి మరణించారు కాబట్టి అది యుద్ధరంగమే అయి ఉంటుందని, అప్పటికి కాకతీయుల మీద తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరే అయి ఉంటుందని చరిత్రకారులు అతడి త్రిపురాంతకం శాసనాన్ని కూడా కలిపి చూసి ఊహించారు. ఈ శాసనం వెలుగులోకి రాకముందు ఆమె పాలన 1295 దాకా సాగిందనే అభిప్రాయం ఉండేది. కాబట్టి అంతకు ముందు తరం నవలాకారులు ఆమెను మనవడికి పట్టం కట్టి ప్రశాంతంగా కన్నుమూసిన రాణిగా చూపితే అది వారి ఊహ దోషం కాదు. వారి కాలానికి అందిన చరిత్ర అంతే. ఆ తర్వాత రాసినవారు మాత్రం ఆ ఒక్క శాసనం చుట్టూ ఒక పూర్తి యుద్ధకాండను నిర్మించుకున్నారు. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే ఫైలుతో చదివినప్పుడు, రెండు నవలల మధ్య తేడా రచయితల ప్రతిభలో ఎంత, వారి చేతికి అందిన ఒక రాతిలో ఎంత అన్నది స్పష్టంగా విడదీసి చూడవచ్చు. ఈ సౌకర్యం నాకు మరే గ్రంథాలయంలోనూ దొరకలేదు.

ఇక బాల్యం సంగతి. రుద్రమ చిన్నతనం గురించి ఫైలులో ఒక్క కాగితమూ లేదు, ఎందుకంటే పెట్టడానికి ఏమీ లేదు. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అని పురుష నామంతో పేర్కొన్నాయన్నది నిజం. ఆ ఒక్క పేరు ఆధారంగా మగపిల్లవాడి వేషం, అంతఃపుర రహస్యం, ఆ రహస్యం తెలిసిన ఒక దాది, రహస్యం బయటపడబోయే ఘట్టం అంటూ నవలల్లో సగానికి సగం పుటలు నడుస్తాయి. వాటిని నేను తప్పుపట్టను. జీవితంలో ఆధారం లేని భాగమే నవలాకారుడికి దక్కిన సొంత భూమి. అక్కడ అతడు ఏ పంటైనా వేసుకోవచ్చు. నేను పట్టించుకునేది ఒక్కటే: ఆధారం ఉన్న చోట దాన్ని మింగేసి, లేని చోట ఉన్నట్టు నటించాడా లేదా అన్నది. శాసనంలో ఉన్న భర్త వీరభద్రుణ్ణి కథకు అడ్డమని రెండు వాక్యాల్లో పంపేసి, శాసనంలో లేని ప్రేమికుణ్ణి నూరు పుటలు నిలబెట్టిన నవల ఒకటి ఈ బీరువాలో ఉంది. ఫైలు లేకుండా చదివి ఉంటే ఆ సంగతి నాకు అందేది కాదు. చక్కటి ప్రేమకథ అనుకొని తిరిగి ఇచ్చేసేవాణ్ణి.

ప్రతాపరుద్రుడి ఫైలు దీనికంటే పలచన. అందులో నాకు నచ్చినవి రెండే కాగితాలు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీకి బందీగా తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున అతడు మరణించాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. 1423 నాటి కలువచేరు శాసనం మాత్రం అతడు తన ఇచ్ఛతోనే స్వర్గానికి వెళ్లాడని చెబుతుంది. ఆత్మహత్యా, జబ్బా, అవమానంతో అన్నం మానుకున్నాడా అన్నది ఆ మాటల మధ్య ఖాళీలో ఉంది. నవలాకారులందరూ ఆ నది ఒడ్డుకు పరుగెత్తుకుంటూ వెళతారు, అందరూ దాదాపు ఒకే ఉపన్యాసం ఇప్పిస్తారు. ఓటమి తర్వాత కోట లోపల మిగిలిపోయిన జనం గురించి ఎవరూ రాయకపోవడం నాకు వింతగా అనిపిస్తుంది.

జనం అంటే గుర్తొచ్చింది. ఈ బీరువాలో అన్ని కాకతీయ నవలలకూ ఉమ్మడిగా ఒక ఫైలు ఉంది, దాని మీద "అంగడి, తిండి, బట్ట" అని రాసి ఉంటుంది. అందులో ముఖ్యమైనది క్రీడాభిరామం నుంచి ఎంపిక చేసిన పద్యాలు, వాటికి వచనంలో తాత్పర్యం. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న ఆ కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. మధ్యాహ్నానికి ఆకలై లక్ష్మణవజ్ఝల పూటకూటింటికి చేరతారు. అక్కడ ఒక రూకకు దొరికే భోజనం ఏమిటో కవి జాబితా చెబుతాడు: కప్పురభోగి అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవు నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. చదువుతుంటేనే కడుపు నిండుతుంది. ఈ జాబితాను పక్కన పెట్టుకొని నవలల్లోని భోజన ఘట్టాలు చదివితే ఎవరు చదువుకొని రాశారో, ఎవరు తమ ఇంటి వంటగదిని చూసి రాశారో ఇట్టే పట్టుబడుతుంది. ఒక నవలలో కాకతీయ సైనికుడు కోట గోడ నీడలో కూర్చుని జొన్నరొట్టెలో పచ్చిమిరపకాయ నంజుకుంటాడు. మిరప ఈ దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది, అది కూడా ఓరుగల్లు పడిపోయిన దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత. ఏటా ఎనుమాముల మార్కెట్‌లో ఎర్రటి రాశుల మధ్య నడిచే మనకు మిరప లేని ఓరుగల్లును ఊహించడం కష్టమే, కానీ కాకతీయుల నాలుక మీద మంటకు మిరియాలే దిక్కు. ఆ పుట అంచున ఎవరో పాఠకుడు పెన్సిలుతో "మిర్చి ఎక్కడిది?" అని రాశాడు, దాని కింద మరొకరు "ఎనుమాముల" అని జవాబిచ్చారు.

ఆ జవాబుకు నవ్వుకున్నా, ఇలాంటి వేట ఒక హద్దు దాటితే నవల చదవడం పరీక్ష పేపరు దిద్దడంగా మారిపోతుందన్న అనుమానం నాకుంది. ఈ దుకాణం పాఠకుల్లో కొందరికి ఆ జబ్బు పట్టుకుంది. వారు ఫైలును ముందు చదివి, ఆ తర్వాత నవలలోని ప్రతి వాక్యాన్నీ నిలదీస్తారు. క్రీడాభిరామం రచించే నాటికే కాకతీయులు పోయి కొన్ని తరాలు గడిచాయని, అంటే మనం ఆధారంగా పెట్టుకున్న ఆ పూటకూటిల్లు కూడా ఒక కవి వెనక్కి తిరిగి చూసి కట్టుకున్న ఓరుగల్లులోనిదేనని వారు గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. ఈ ఒక్క సంగతిని ఫైలు మొదటి పుటలో రాసిపెట్టమని టీచరమ్మకు సూచించాను. "రాస్త గని, చదివెటోళ్లు చదువుతరా సార్?" అన్నారు. ఈ సమీక్ష రాసే నాటికి ఇంకా రాయలేదు.

నవల ముందు చదవాలా, ఫైలు ముందు చదవాలా అన్న విషయంలో ఆమెకూ నాకూ అభిప్రాయ భేదం ఉంది. ఎప్పుడైనా నవలే ముందు అని ఆమె నియమం. కథలో మునగకుండా కాగితాలు తిరగేస్తే ఏ కాగితమూ మనసుకు పట్టదని ఆమె వాదన. రుద్రమ విషయంలో ఆమె మాట అక్షరాలా నిజం. సర్వాయి పాపన్న విషయంలో మాత్రం ముందు ఫైలు చదివి తీరాలని నేనంటాను.

పాపన్న జీవితానికి మిగిలిన ఆధారాలు రెండు రకాలు, రెండూ ఒకదానికొకటి బద్ధ శత్రువులు. ఒకటి మొఘలుల చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారసీలో రాసినది. అందులో పాపడు కల్లు అమ్మే కులంలో పుట్టిన దోపిడీదారు. నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపురంలో కోట కట్టాడు, 1708లో వరంగల్ మీద పడి పట్టణాన్ని కొల్లగొట్టాడు, పెద్దింటి వారిని బందీలుగా పట్టుకుపోయాడు, వారిలో పట్టణపు కాజీ భార్య, కూతురు కూడా ఉన్నారు. చివరికి 1710లో పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు. రెండోది ఊళ్లలో పాటగా, కథగా చెప్పుకునే పాపడు. ఇతడు గీత కార్మికుడి కొడుకు, గోల్కొండ మీద కన్నేసిన ధీరుడు, పేదవాడి పక్షం. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఆంగ్లేయుడు ఆ పాటను సేకరించి అచ్చు వేయించాడు. అంటే పాపన్న చనిపోయి నూటయాభై ఏళ్లు దాటినా జనం నోట అది సజీవంగానే ఉంది. దర్బారులో కూర్చుని రాసినవాడికి కోట కట్టిన గౌడు దొంగగానే కనిపిస్తాడు. పాట పాడేవాడికి అదే మనిషి రాజు. ఫైలులో ఈ రెండింటినీ ఎదురెదురు పుటల్లో, ఒకే సంఘటన ఎడమ వైపు ఒకలా, కుడి వైపు మరోలా కనిపించేలా అమర్చారు. ఈ బీరువా మొత్తంలో టీచరమ్మ చేసిన అత్యుత్తమమైన పని ఇదే.

ఆ ఫైలు చదివి నవలలోకి వెళితే నవలాకారుడు చేసిన ప్రతి ఎంపికా కనిపిస్తుంది. నేను తెచ్చుకున్న నవలలో పాపన్న బాల్యం, తల్లితో వాదం, తొలి అనుచరులు కూడగట్టిన తీరు పాట దారిలో నడిచాయి, చాలా అందంగా నడిచాయి. తాటివనంలో మోకు, ముస్తాదు కట్టుకొని తెల్లవారుజామున చెట్టెక్కే ఘట్టాన్ని రాసినవాడు తప్పకుండా గీత పని దగ్గర నుంచి చూసినవాడు. కోట కట్టడం, తుపాకులు సంపాదించడం ఖాఫీ ఖాన్ నుంచి వచ్చాయి. వరంగల్ దాడి దగ్గరకు వచ్చేసరికి రచయిత తడబడ్డాడు. కొల్లగొట్టడాన్ని దొరల ధనం పేదలకు పంచడంగా మార్చాడు, సరే. బందీలైన స్త్రీలను మాత్రం ఒక్క మాట లేకుండా మాయం చేశాడు. శత్రువు రాసినది కాబట్టి అబద్ధమని అనుకొని ఉండవచ్చు, అది న్యాయమైన అనుమానమే. ఆ అనుమానాన్ని నవలలోనే ఒక పాత్ర చేత పలికించి ఉంటే, "మనం అట్ల చేసినమని వాళ్లు రాస్తరు" అని ఒక అనుచరుడు అన్నా చాలు, పాపన్న ఇంకా పెద్ద మనిషిగా, ఇంకా నిజమైన మనిషిగా నిలబడేవాడు. నాయకుడి మీద ప్రేమతో అతడి జీవితంలో బరువైన భాగాన్ని కత్తిరించడం వల్ల నవల చివరి భాగం బోలుగా మిగిలింది. పటం కట్టించుకోవడానికి పనికొస్తుంది, మనిషిని అర్థం చేసుకోవడానికి చాలదు.

ఇక లోపాల సంగతి. బీరువాలో అయిదు అరలుంటే మూడున్నర కాకతీయులే ఆక్రమించారు. నిజాం కాలపు మనుషుల మీద వచ్చిన రచనలు కింది అరలో ఒక మూలకు పరిమితమయ్యాయి. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలొదిలిన కొమురం భీం ఫైలులో కొన్ని పత్రికా కత్తిరింపులు, అశ్వయుజ పౌర్ణమి నాడు అక్కడ జరిగే వర్ధంతి ఫొటోలు తప్ప ఏమీ లేవు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను ఇంటికి చేర్చుకున్న చాకలి ఐలమ్మ 1985 దాకా మన మధ్యే బతికారు. ఆమెను చూసినవారు, ఆమెతో మాట్లాడినవారు ఇప్పటికీ ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉంటారు. అయినా ఆమె ఫైలు రెండు కాగితాలతో ముగుస్తుంది. ఏడు వందల ఏళ్ల నాటి రాతిని వెతికిపట్టిన చేతికి గంట ప్రయాణం దూరంలో ఉన్న పాలకుర్తి నుంచి నాలుగు జ్ఞాపకాలు రాసుకురావడం కష్టమేమీ కాదు. పైగా ఇటీవలి మనుషుల మీద రాసిన నవలలకే ఫైలు అవసరం ఎక్కువ. రుద్రమకు ప్రేమికుణ్ణి అంటగడితే బాధపడేవారు ఎవరూ లేరు. ఐలమ్మ గురించి ఒక అబద్ధం రాస్తే ఆమె మనవలు, మనవరాళ్లు చదువుతారు. ఆ రచయితలు ఎదుర్కొనే ఇరకాటమే వేరు, వారు పేర్లు మార్చడమో, ఊరి పేరు దాచడమో చేస్తారు. మన నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు సైతం 1998లో తన రాజకీయ జీవితాన్ని నవలగా వెలువరించినప్పుడు రాష్ట్రానికి అఫ్రోజాబాద్ అని, తనలాంటి కథానాయకుడికి ఆనంద్ అని పేరు పెట్టుకున్నారు. ఆ నవల ఈ బీరువాలో ఉంది, ఫైలు లేదు. ఏ పాత్ర ఎవరో చెప్పే ఫైలు తయారుచేయడం టీచరమ్మకు ఇష్టం లేదట. ఆ విషయంలో ఆమెతో ఏకీభవిస్తాను.

పుస్తకాల పరిస్థితి మిశ్రమంగా ఉంది. నవలలకు ఖాకీ అట్టలు వేసి శుభ్రంగా ఉంచుతారు. జిరాక్సు ప్రతులు మాత్రం కొన్ని బాగా వెలిసిపోయాయి. చందుపట్ల శాసన పాఠంలో చివరి పంక్తులు బూతద్దం పెట్టినా కనిపించవు, ఇంతటి ముఖ్యమైన కాగితానికి మళ్లీ ఒక ప్రతి తీయించడానికి పట్టే ఖర్చు ఎంత? మరో ఫిర్యాదు కూడా ఉంది. ఏ కాగితం ఏ గ్రంథం నుంచి తీసుకున్నారో చాలా చోట్ల రాయలేదు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి కాకతీయుల చరిత్ర నుంచి తీసిన పుటలకు ఆయన పేరుంది, మిగతా చాలావాటికి లేదు. నవలాకారుణ్ణి ఆధారం చూపమని అడిగే ఫైలు తన ఆధారం తాను చూపకపోవడం సబబు కాదు. ఈ మాట చెప్పినప్పుడు టీచరమ్మ నొచ్చుకున్నారు గాని కాదనలేదు.

కిరాయి నవల వెలలో పదో వంతు, గడువు పది రోజులు. ఫైలుకు కిరాయి లేదు, పోగొడితే మాత్రం డిపాజిట్ తిరిగి రాదు. డిపాజిట్ అయిదు వందలు, రసీదు అడిగి తీసుకోవాలి, అడగకపోతే ఇవ్వరు. పుస్తకాల జాబితా ఎక్కడా లేదు. ఏముందో తెలుసుకోవాలంటే బీరువా తలుపు తెరిపించి చూడవలసిందే. ఫోన్ చేస్తే పుస్తకం పక్కన పెట్టి ఉంచుతారు, కానీ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా దుకాణం మూసి ఉంటుంది, ఆ సమయంలో ఫోన్ కూడా ఎత్తరు. కాజీపేట నుంచో నర్సంపేట నుంచో వచ్చేవారు దీన్ని గమనించాలి. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కింద కుట్టుమిషన్ల కొట్టులో చెబితే అక్కడి పిల్లవాడు పుస్తకం కిందికి తెచ్చి ఇస్తాడు.

కొత్తగా చేరేవారు తొలి పుస్తకంగా పాపన్నను అడగడం మంచిది, ఫైలు ముందు చదువుతామని టీచరమ్మకు చెప్పకుండా తెచ్చుకోవడం ఇంకా మంచిది. రుద్రమ మీద పాత తరం నవల ఒకటి, చందుపట్ల శాసనం తెలిశాక వచ్చినది ఒకటి కలిపి తీసుకుంటే ఫైలు ఒక్కటే రెండింటికీ సరిపోతుంది, ఇరవై రోజుల గడువు కూడా ఇస్తారు. మేడారం జాతర జరిగే వారమంతా దుకాణం తెరవరు. ఆ వారానికి ఆలస్య రుసుము లెక్క కట్టరు.